పగలని టిఫిన్ డబ్బా

దయ్యాలంటే నాకు భయం కాదు, విసుగు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగి, బడిలో పిల్లలకు సైన్సు చెప్పుకునేదాన్ని. ఎవరైనా దయ్యం మాట ఎత్తితే, ప్రార్థన చేసుకొని పడుకోండని కసిరేదాన్ని. పోయినేడు మా చెల్లెలికి జరిగింది చూశాక ఆ కసురు మానేశాను.

చెల్లెలు సుగుణ పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉంటుంది. షుగరుంది. మా చర్చివాళ్లు యెరూషలేము యాత్ర పెడితే ఇద్దరం బయలుదేరాం. చివరి మజిలీ ఈజిప్టులోని అలెగ్జాండ్రియా.

ఆ ఊరు నాకు నచ్చింది, అబద్ధమెందుకు. సముద్రం పక్కనే పొడుగాటి రోడ్డు, రంగు వెలిసిన పాత మేడలు, వాటి మధ్య మూలుగుతూ పోయే ట్రాములు. చేపలు వేయించే వాసనకు సుగుణ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "మన మోండా మార్కెటే నయం అక్కా" అంది. అంత పాత ఊరని అందరూ ఫొటోలు దిగుతుంటే, నేను మాత్రం పాలు పోసిన చాయ్ ఎక్కడ దొరుకుతుందా అని వెతికాను.

మధ్యాహ్నం భూమి కింది సమాధులకు తీసుకెళ్లారు. గుండ్రటి మెట్లు దిగుతుంటే పైనున్న వెలుతురు చిన్నదైపోయింది. కింద రాతిలో తొలిచిన గది, మూడు వైపులా అరుగులు. అక్కడికి రాగానే సుగుణకు చెమటలు పట్టి చేతులు వణికాయి. షుగర్ పడిపోయిందని అర్థమైంది. అరుగు మీద కూర్చోబెట్టి ముందు చాక్లెట్ పెట్టాను. తర్వాత సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, యాత్ర వంటాయన పొద్దున కట్టిచ్చిన పులిహోర తినిపించాను. యాత్రకు పోయే మనవాళ్ల సంచిలో పులిహోర లేకుండా ఉంటుందా మరి.

గైడు పరుగున వచ్చాడు. అది చనిపోయినవాళ్లతో కలిసి భోంచేసే గదట. పూర్వం బంధువులు వచ్చి అక్కడ తిని, ఆ గిన్నెలు ఇంటికి తీసుకుపోకుండా పగలగొట్టి పోయేవాళ్లట. మాది స్టీలుది, పగలదులెమ్మని నవ్వి, డబ్బా తుడిచి సంచిలో పెట్టుకున్నాను. అతను నవ్వలేదు.

ఇంటికొచ్చాక కొద్దిరోజులకే సుగుణ తిండి మానేసింది. కంచం పెడితే "తిన్న అక్కా, కడుపు నిండింది" అనేది. షుగరు మాత్రలు వేసుకొని తినకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి స్నానాల గదిలో పడిపోయింది. డాక్టరు మాత్రలు తగ్గించి, పరీక్షల్లో ఏమీ లేదన్నాడు. చెంపలు పీక్కుపోయాయి. నా చెల్లెలు నా చేతుల్లోనే పోతుందని నాకు నిద్ర పట్టేది కాదు.

ఒకరోజు ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఇంటికొచ్చి వంటింటి కిటికీలోంచి చూశాను. సుగుణ నేల మీద కూర్చుంది. ముందు ఆ డబ్బా. అన్నం ముద్దలు చేసి, ఎడమ పక్కన ఖాళీ చోటుకు చెయ్యి చాపి, ఒక్కోటీ ఆగి ఆగి పెడుతోంది. చెయ్యి ఖాళీగా తిరిగి వస్తోంది. నేల మీద ఒక్క మెతుకు పడలేదు.

"ఎవరికే పెడ్తున్నవ్?" అన్నాను.

"ఆమెకు. ఆమె తింటే నాకు నిండుతది. జెర మెల్లగ మాట్లాడు అక్కా, తింటుంది."

లోపలికి పరుగెత్తి డబ్బా లాక్కున్నాను. అంత ఎండాకాలంలో కూడా అది చల్లగా ఉంది. ఆ భూమి కింది తడిరాతి వాసన వచ్చింది. భయంతో నాకు అక్కడే ఏడుపొచ్చింది.

సాయంత్రం మా ఆయన రాగానే దాన్ని పగలగొట్టమన్నాను. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. "నువ్వేనా గీ మాట అనేది?" అని వింతగా చూశాడు. కానీ సుగుణ మొహం చూసి ఇంకేం అనకుండా పెద్ద సుత్తి తెచ్చాడు. సుగుణ ముందు గదిలోకి పోయి తలుపేసుకొని పడుకుంది. పెరట్లో బండ మీద పెట్టి కొడితే డబ్బా సొట్టపడింది, మడతపడింది, చివరికి చీలింది.

తలుపు తీసుకొని సుగుణ వచ్చింది. "అక్కా, ఆకలైతుంది. అన్నం పెట్టు" అంది.

మారు వడ్డించుకొని తింది. నేను పక్కన కూర్చొని ఏడుస్తూనే ఉన్నాను. ఇప్పుడు అడిగితే "ఏ ఆమె?" అంటుంది. మాత్రలు తగ్గించినందుకు ఆకలి పుట్టిందని మా ఆయన అంటాడు. మరి ఆ ముద్దలు ఎటు పోయాయంటే పేపరు అందుకుంటాడు.

సుగుణ ఇప్పుడు బాగానే ఉంది. కానీ తను భోజనానికి కూర్చున్నప్పుడల్లా, ఎంత పనిలో ఉన్నా వచ్చి తన ఎడమ పక్కన నేను కూర్చుంటాను. ఆ చోటు ఖాళీగా ఉంచను.