ఎంగిలి లేని దారం

దారం కొసను పెదాల మధ్య పెట్టి, నాలుకతో తడిపి, వేళ్లతో నలిపి సూదిలోకి ఎక్కించేది. పెళ్లయి ఆ దర్జీకొట్లో కూర్చున్ననాటి నుంచీ అంతే. చొక్కాలకు చేత్తో కాజాలు కుట్టడం ఆమె పని. అందరూ ఆమెను కాజాలామె అనేవారు.

కొట్టు బావగారిది. కత్తెర ఆయనది, మిషను తోడికోడలిది, ఇస్త్రీపెట్టె కాజాలామె మొగుడిది. కాజాలు పడితేగాని చొక్కా ఇస్త్రీకి వెళ్లదు. ఎవరి ఆలస్యమైనా తిట్లు మాత్రం సూది దగ్గరికే చేరేవి.

"నీ ఎంగిలి తగలని చొక్కా ఈ ఊళ్లో లేదు కదే," అని తోడికోడలు ఎకసెక్కం చేసేది.

ఆ ఏడు ఆమెకు తిండి సయించడం మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. ఒకరోజు బట్టను చీల్చకుండానే చొక్కా పొడుగునా కాజాలు కుట్టేసింది. గుండీలున్నాయి, దూరే దారి లేదు. అందరూ పగలబడి నవ్వారు. ఆమె ఒక్కతే బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లింది.

డాక్టరమ్మ దిగులు తగ్గడానికి బిళ్ళలు రాసిచ్చింది. "మొదట్లో కడుపులో తిప్పుతుంది. నోరు ఎండుతుంది. ఆవలింతలొస్తాయి, చేతులు వణకొచ్చు. మేలు మెల్లగా, తర్వాత వస్తుంది. మీ అంతట మీరు మానెయ్యకండి. తట్టుకోలేకపోయినా, మనసు మరీ పాడైనా వెంటనే నా దగ్గరికి రండి."

చెప్పినవన్నీ వచ్చాయి. చెప్పనిది ఒకటి జరిగింది. దారం తడవలేదు. నాలుక అట్టముక్కలా ఉంది. పొడి కొస సూదిబెజ్జం ముందు చీలిపోయి నిలబడింది. మైనం రాసి చూసింది. అది నల్లకోట్లకు వాడే ముద్ద. హోటలు వాళ్ల తెల్లచొక్కా మీద మసి గీత పడింది.

బావగారు ఆ చొక్కాను ఆమె ఒళ్లోకి విసిరాడు.

"ఏమ్మా, ఇది కాజానా, కాటుకా?"

"నోరు ఎండిపోతోంది బావగారూ. దారం ఎక్కట్లేదు."

"పిచ్చిబిళ్ళలు మింగితే ఎండక ఏం చేస్తుంది?" అంది తోడికోడలు. "ఇన్నాళ్లూ ఎంగిలితో చచ్చాం. ఇప్పుడు దానికీ కరువొచ్చింది."

అప్పుడే ఆమెకు ఆవలింత వచ్చింది. ఆపుకోబోతే ఇంకా పెద్దదైంది. బావగారు దాన్నే జవాబనుకున్నాడు.

"నేను మాట్లాడుతుంటే నా మొహాన నోరు తెరుస్తావా! ఆ బిళ్ళలన్నా మానెయ్, రేపట్నించి పనన్నా మానెయ్."

ఆమె మొగుడివైపు చూసింది. అతను ఒకే కాలరును రుద్దుతున్నాడు. అది ఎప్పుడో నునుపైపోయింది.

"ఏమండీ, మీరైనా ఒక మాట అనండి."

"అన్నయ్య చెప్పాక నేననేదేముంది?"

తోడికోడలు లేచి, ఆమె సంచిలోంచి బిళ్ళల షీటు లాగి పీలికల గోనెలోకి విసిరింది. "పీడా పోయింది."

కాజాలామె సూదిని చొక్కాకు గుచ్చి లేచింది. గోనెను రెండు చేతులా ఎత్తి కొట్టు మధ్యలో బోర్లించింది. మోకాళ్ల మీద కూర్చుని వెతకసాగింది. చొక్కాల కోసం వచ్చిన హోటలు మేనేజరు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పరాయివాళ్ల ముందు పరువు తీస్తావేమే!" అని తోడికోడలు పళ్లు నూరింది.

"ఏంటిది? నా చొక్కాలు ఎప్పుడిస్తారు?" అన్నాడు మేనేజరు, బూటుకు చుట్టుకున్న పీలిక విదిలిస్తూ.

"నా బిళ్ళలు దొరికాక," అంది ఆమె, తలెత్తకుండా.

దొరికాయి. జాకెట్లో దోపుకుంది. పీలికలు ఎవరూ ఎత్తలేదు. ఆమె అసలు ఎత్తలేదు.

మర్నాడు పొద్దున ఆమె కొట్టుకు వచ్చేసరికి ముగ్గురూ ఉన్నారు. గుమ్మంలోనే నిలబడి, అందరూ చూస్తుండగా బిళ్ళ వేసుకుని నీళ్లు తాగింది. గోడ పట్టుకుని ఆగింది. తర్వాత ఇస్త్రీబల్ల దగ్గరికి నడిచి, బట్టల మీద చిలకరించే నీళ్లగిన్నె తీసుకుని తన పీట పక్కన పెట్టుకుంది. బావగారు ఆమెను చూశాడు, హోటలు చొక్కాల గుట్టను చూశాడు, కత్తెర అందుకున్నాడు.

"గిన్నె..." అన్నాడు మొగుడు.

"కావాలంటే ఇక్కడికొచ్చి ముంచుకోండి."

దారం కొసను నీళ్లలో ముంచి నలిపింది. చెయ్యి వణుకుతూనే ఉంది. మొదటిసారి తప్పింది. మళ్లీ ముంచింది.