మల్లాకొట్టై, తణ్ణికొట్టై

1978లో తిరువళ్ళూరు దగ్గర ఒక ధర్మాసుపత్రి వంటశాలకు స్టూవర్డుగా చేరాను. డాక్టరు పథ్యం రాస్తాడు, మేట్రన్ సరుకు మంజూరు చేస్తుంది, స్టూవర్డు తూచి వంటమనిషికి ఇస్తాడు. ఏదైనా దొరక్కపోతే అదే జాతి సరుకు బదులివ్వవచ్చు. పప్పుకు పప్పు, గింజకు గింజ.

క్షయ వార్డులో సాయంత్రం ఉడికించిన వేరుశనగ పలుకులు పెట్టేవాళ్ళం. మా వైపు అరవంలో వాటిని మల్లాకొట్టై అంటారు, కొట్టై అంటే గింజ. ఆ వానాకాలం దాతలెవరో 'వాటర్ చెస్ట్‌నట్' డబ్బాలు పంపారు. మేట్రన్ డబ్బా మీది పేరు చదివి, "తణ్ణికొట్టై" అంది, అంటే నీళ్ళ గింజ. రెండూ కొట్టైలే కనుక వేరుశనగ ఆపి ఇవే ఇమ్మంది. నియమం ప్రకారం తప్పేమీ కనబడలేదు.

వంటమనిషి ఎల్లమ్మ మధ్యాహ్నందాకా ఉడకబెట్టినా ఆ తెల్లటి బిళ్ళలు మెత్తబడలేదు.

"ఏంది కొట్టైయన్నా ఇది! కట్టెలన్నీ మింగేసినాది, ఇంకా కరకరమంటానే ఉండాది."

ఆ వార్డులో అత్తిమంజేరిపేట రాజమ్మ ఉండేది. బరువు పెరిగితేనే ఇంటికి పంపుతానన్నాడు డాక్టరు. ఇంట్లో పాలు మరవని బిడ్డ. డబ్బాలు మొదలయ్యాక ఆమె బరువు పెరగడం ఆగి, తర్వాత కొంచెం తగ్గింది కూడా.

"నమిలేదానికి బాగుండాదన్నా, మింగినాక కడుపులో ఏమీ ఉండలా," అంది నాతో. "బిడ్డ నన్ను మరిసిపోతాది."

తిండిలో బలం లెక్క నేను సొంతంగా నేర్చుకున్నదే. పోషకాహార పట్టిక అరువు తెచ్చి చూశాను. వంద గ్రాముల వేరుశనగలో మాంసకృత్తులు పాతిక గ్రాములు, నూనె అంతకు దాదాపు రెట్టింపు. డబ్బాలోని దాంట్లో మాంసకృత్తులు ఒక గ్రాముకు అటూ ఇటూ, నూనె లేనట్టే, మిగతాదంతా నీళ్ళూ కాస్త పిండీ. అసలది గింజే కాదు, బురదనీళ్ళలో పెరిగే గడ్డ.

మేట్రన్‌కు అంకెలు చెప్పే ముందు, పేపరు ముక్క మీద ఒకవైపు వేరుశనగ పలుకు, రెండోవైపు ఆ బిళ్ళ నలిపి కిటికీలో ఆరబెట్టాను. ఆరాక వేరుశనగ వైపు నూనె మరక మిగిలింది, బిళ్ళ వైపు ఏమీ లేదు.

ఆమె పేపరును వెలుతురుకు పట్టి నవ్వింది. "దీనికి నట్ అని పేరు పెట్టినోణ్ణి పట్టుకురా, వార్డులో పడుకోబెట్టి ఇదే పెడదాం."

ఆ సాయంత్రమే వేరుశనగ తిరిగి వచ్చింది. డబ్బాలు పారేయలేదు. నూనె కూడదన్న రోగులకు, ఉప్పునీళ్ళు కడిగేసి, బీన్స్ పొరియల్ కూర దించే ముందు సన్నగా తరిగి కలిపాం. ఆ కరకరే అక్కడ రుచి అయింది.

రాజమ్మ బరువు మెల్లగా పెరిగింది. డాక్టరు సంతకం కాగానే తిరుత్తణి బస్సు ఎక్కింది. బిడ్డ ఆమెను గుర్తుపట్టిందో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత ఏ సరుకుకు బదులు ఇచ్చినా, పేరు పక్కన పెట్టి, అందులో ఉన్నదేమిటో చూసే ఇచ్చాను.