బానయ్య కాక గీసిన వంకర గీత

బానయ్య కాక కన్నుమూశాడన్న మాట అహేరి బస్టాండులో చెవిన పడింది. సంచి కింద పెట్టి అక్కడే కూర్చుండిపోయాను. ప్రాణహిత ఒడ్డున మా ఊరు రేగుంటకు చాలాకాలం సర్పంచ్‌గా చేసిన మనిషి. చివరి ఎన్నికల్లో ఆయన్ను ఓడించింది నా నోరే. అందుకే ఈ నాలుగు మాటలు రాయాల్సిందీ నేనే.

వరద తీశాక ప్రాణహితలో మా ఒడ్డును ఆనుకుని ఇసుక గడ్డ తేలుతుంది. పై కొసన ఒండ్రు పడి పుచ్చ, మిరప బాగా పండుతాయి. కింది కొస ఒట్టి ఇసుక. కానీ వేసవిలో పడవ ఆగేంత లోతు అక్కడే. గడ్డ మీద మాకూ అవతలి ఊరికీ హక్కుంది. ఒక ఏడు మేము పడవ గెడతో గీత గీస్తే వాళ్లు వాటా ఎంచుకుంటారు. మరుసటి ఏడు వాళ్లు గీస్తే మేం ఎంచుకుంటాం.

ఎమర్జెన్సీ పోయిన కొన్నేళ్లకు, మా వంతు వచ్చినప్పుడు, ఒండ్రంతా ఒకే వైపు పడేట్టు కాక వంకరగా గీశాడు. వాళ్లు ఒండ్రు తీసుకున్నారు. మరుసటి ఏడు వాళ్లూ అదే గీత గీశారు. ఎంచుకునే వంతు మాదైనా, కాక తనంతట తానే ఇసుక వైపు నిలబడ్డాడు. ఆయన కూతుర్ని ఇచ్చింది అవతలి ఊరికే. అనుమానానికి ఇంకేం కావాలి?

చావడిలో లేచి అడిగాను. “అల్లునికి పండుగ మర్యాదనా కాకా, ఊరి భూమి పెడ్తున్నవ్?”

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. “నువ్వైతే ఎట్ల గీస్తుంటివి రాజం?”

“సమానంగ. న్యాయంగ.”

“న్యాయం మంచిదేరా. జర గడ్డ దిక్కు కూడ చూడు.”

మాట దాటేస్తున్నాడనుకున్నాను. ఆయన నది దాటితే నా కన్ను పడవ మీదే. సంచిలో ఏం తెచ్చాడని పడవ నడిపే మనిషిని ఆరా తీశాను. కూతురు పంపిన చింతపండు. పదవి పోయినా, ఆయనతో తప్ప ఇంకెవరితోనూ గీత సంగతి మాట్లాడబోమని అవతలివాళ్లు అంటే, అదీ కుమ్మక్కేనన్నాను.

ఆ వేసవుల్లోనే కాన్పు కష్టమైన ఆడవాళ్లను మంచాల మీద మోసుకొచ్చి, కింది కొస దగ్గర పడవెక్కించి, నది దాటించి మంచిర్యాల దవాఖానకు తీసుకుపోయాం. ఆ రేవు మాకెట్లా మిగిలిందని ఎవరం ఆలోచించలేదు.

అంత్యక్రియలకు ఆయన వియ్యంకుడు ఆ రేవులోనే దిగాడు. నా పక్కన నిలబడి అన్నాడు: “మా బావ మట్టి మాకిచ్చి రేవు మీకుంచిండు. మొదటి గీతకే తెలిసింది.”

“తెలిసి ఎందుకు ఊకున్నరు?”

“మాకు మట్టి కావాలె. ఆయన నోరిప్పితే మా పోరగాళ్లు రేవు కూడ కావాలందురు. ఇన్నేండ్లకు రేవు మీదని వాడుకైపోయింది, ఇగ చెప్పొచ్చు.” నా వైపు తిరిగాడు. “మీ ఊరోళ్లకైతే ఎరుకేననుకున్నం.”



వరద తీస్తోంది. ఈ ఏడు గీసే వంతు మాది. గెడ ఆయన ఇంటి చూరులోనే ఉంది; ఊరివాళ్లు నన్ను తీయమంటున్నారు. ఆయన గీత నాకిప్పుడు అర్థమైంది. కానీ గడ్డ ఏటా ఒకేలా తేలదు; ఈసారి మళ్లీ కొత్తగా చూసి గీయాలి. ఊరంతా అనుమానించే గీత గీసి, నవ్వి ఊరుకోగల మనిషి మాలో ఇక లేడు.