ఒడిబియ్యం ముందు రోజు సినిమా

సినిమా చూసి మా అమ్మ ఏడ్చిందని నాకు కోపం. ఎవరికైనా చెబితే నవ్వుతారు, ఏడవడం కూడా తప్పేనా అంటారు. తప్పే. ఆమె ఎవరిని చూసి ఏడ్చిందో, మర్నాడు ఎవరి ముందు నుంచి పళ్ళెం జరిపేసిందో నేను చూశాను.

వరంగల్‌లో మాది బట్టల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. నేను హన్మకొండలో వేరుగా ఉంటాను, ఒక్కదాన్నే కాదు. మరిపెడ నుంచి వచ్చి ఇక్కడి దవాఖానలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి, నేను ఆరేళ్ళుగా కలిసి కాపురం చేస్తున్నాం. మొదటి ఏడాదే అమ్మను ఎదురుగా కూర్చోబెట్టి ఈ మాట చెప్పాను. విని, "సరే, అన్నం తిను" అన్నది. ఆ తర్వాత ఆ మాట ఎప్పుడు ఎత్తినా ఆమెకు ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. చుట్టాలకు మాత్రం "మా చిన్నదాని దోస్తు" అని చెబుతుంది.

ఆ మధ్య అక్కకు ఒడిబియ్యం పోస్తామని మా ఇద్దరినీ రమ్మన్నది. పెళ్ళయిన కూతురిని పీట మీద కూర్చోబెట్టి పుట్టింటివాళ్ళు ఒడి నింపే వేడుక అది. ముందు రోజే వెళ్ళాం. సాయంత్రం టీవీలో నేనే కావాలని ఆ సినిమా పెట్టాను, తెలుగు డబ్బింగ్. ఒకమ్మాయి పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తుంది, ఇంకో అమ్మాయి పెళ్ళి కేకులు చేస్తుంది. ఏ పెళ్ళిలో ఎదురుపడినా కొట్లాటే. అమ్మ మొదట పల్లీలు ఒలుస్తూ ఓరకంట చూసింది. కేకు మీద కుక్క దూకేసరికి చేట పక్కన పెట్టేసి పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మాయిలిద్దరూ ముద్దు పెట్టుకున్నప్పుడు నేను టీవీ వదిలి అమ్మ ముఖం వంక చూశాను. అమ్మ మాత్రం "ఇప్పటికన్న బుద్ధొచ్చింది ఇద్దరికి" అన్నది. అప్పటిదాకా మూతి ముడుచుకుని తిరిగిన ఒకమ్మాయి తల్లి, చివర్లో అందరి ముందూ లేచి ఇద్దరినీ చెరో చేత్తో దగ్గరికి తీసుకుంటుంది. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"తల్లంటే గట్లుండాలె."

నా పక్కనున్నామె నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఇద్దరం ఆశపడ్డాం, పిచ్చిముఖాలం.

మర్నాడు పొద్దున అమ్మ ఆమెనే పిలిచింది. "బియ్యం నువ్వు కలుపు బిడ్డా, నీ చెయ్యి మంచిది." ఆమె తలస్నానం చేసి వచ్చి, పసుపూ నెయ్యీ వేసి ఒక్క గింజ తెల్లగా మిగలకుండా కలిపింది. ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు పళ్ళెంలో సర్దింది. అక్కా బావా పీటల మీద కూర్చున్నారు. అమ్మానాన్నలు అక్క ఒడి నింపారు. అక్కావాళ్ళు లేవగానే నేను ఆమెను చెయ్యి పట్టి తీసుకెళ్ళి ఆ పీటల మీదే కూర్చున్నాను.

"అమ్మా, మాకు గూడ పొయ్యి."

చుట్టాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ నవ్వలేదు. బియ్యం పళ్ళెం మా ముందు నుంచి పక్కకు జరిపింది.

"లెవ్వు. పెండ్లి కానోళ్ళకు పొయ్యరు."

"నిన్న టీవీల గా పిల్లల్ని చూసి ఏడ్చినవ్ గదా?"

"అది సినిమా. గా పిల్లలు మన పిల్లలా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పరాయి పిల్లలు కలిస్తే సంతోషం, కడుపున పుట్టినది అడిగితే లొల్లి. ఎవరో తల్లి పెద్దమనసు చూసి కన్నీళ్ళు పెట్టుకోవడం ఎంత సులువు! బియ్యం కలపడానికి ఆమె చెయ్యి మంచిది, పట్టడానికి మాత్రం ఆమె ఒడి పనికిరాదు. ఇదంతా అక్కడే, అందరి ముందే అరిచి చెప్పాను. నాన్న మెల్లగా దుకాణంలోకి దిగిపోయాడు. గిరాకీ ఉన్నా లేకున్నా అలాంటప్పుడు ఆయనకు కింద పని ఉంటుంది. మేము అన్నం తినకుండానే బయల్దేరాం.

స్కూటీ మీద వెనక కూర్చుని ఆమె అన్నది, "మా అమ్మయితే సగంలనే టీవీ బంద్ పెడ్తుండె. మీ అమ్మ మొత్తం చూసింది గదనే. జర ఓపిక పట్టు." ఆ మాటకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఇంత కొంచెంతో సరిపెట్టుకోవడం ఈమెకు ఎవరు నేర్పారు? మరిపెడలో వాళ్ళమ్మ వీధి తలుపు కూడా తియ్యదు. అందుకే మా అమ్మ వేసే ప్రతి మెతుకూ ఈమెకు పరమాన్నం.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. నాకు కాదు, ఆమెకు. "తిన్నరా బిడ్డా? అది తిన్నదా?" అని అడుగుతుండగానే ఫోన్ లాక్కున్నాను.

"అమ్మా, ఒక్కటి చెప్పు. ఈమె నీకేమైతది?"

"ఇప్పుడు గదంత ఎందుకే."

"దోస్తు అనకు. ఏమైతదో చెప్పు."

"నాకెట్ల తెలుస్తది బిడ్డా? గసొంటి వరుస మనకాడ లేదు."

"లేకపోతే నువ్వే పెట్టు."

"ఫోన్ ఆమెకియ్యి" అన్నది అమ్మ.

వరుస చెప్పేదాకా ఇవ్వనన్నాను. అమ్మ ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ ఇవ్వలేదు.