పురుగుల జ్వరమూ నా దగ్గూ

కర్పూరం వెలిగించి, చేత్తో ఆర్పి, ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. కర్పూరం మనసులోనే వెలిగించాననుకోండి, ఎందుకంటే పట్టుపురుగులు పెంచే ఇంట్లో ఏ ఘాటూ పనికిరాదు. పెనుకొండ బస్టాండు టీకొట్టులో నన్నెరిగినవాళ్లు ఈ ఒట్టు చూసి నవ్వుతారు. నవ్వనీ.

మాది పెనుకొండకు దగ్గరి పల్లె. చిన్న మల్బరీ తోట, దాని పక్కన రేకుల షెడ్డు, షెడ్డు నిండా పురుగులు. పేరుకు నేను రైతును గానీ పంట నా భార్యది. కిందటి పంటకు సున్నపుకట్టు రోగం తగిలి పురుగులన్నీ సుద్దముక్కల్లా బిగుసుకుపోయాయి. వాటిని ఎత్తి పారబోసిన రోజున ఆమె చేతులు కడుక్కుంటూ అంది:

"ఈ తూరి కూడా ఇట్లే అయితే షెడ్డుకు బీగమేసి గార్మెంట్స్ బస్సెక్కుతా. నువ్వూ నీ కతలూ ఈడే పడుండండి."

హిందూపురం వైపు కుట్టుపనికి ఆడవాళ్లను తీసుకుపోయే ఆ బస్సు పొద్దున్నే మా ఊరి ముందు ఆగుతుంది. ఆమె ఉత్తినే అనే మనిషి కాదు. రోగానికి భయపడి ఈసారి షెడ్డులో సున్నం వాడకం బాగా పెంచింది.

సున్నం ఎందుకో చెప్పాలి. పట్టుపురుగు కుబుసం విడిచే ముందు మేత మానేసి, తలెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మేం జ్వరం అంటాం. గూడు కట్టేలోపు అలాంటి జ్వరాలు నాలుగొస్తాయి. అప్పుడు పురుగుల పక్క తడిగా ఉండకూడదని, పలుచని గుడ్డలో సున్నం పొడి మూటగట్టి పైనుంచి దులుపుతాం.

పురుగులకు మూడో జ్వరం వచ్చినప్పుడు నాకు దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు. పొట్టలోంచి తన్నుకొచ్చి, కళ్లు బయటికి నెట్టి, చివరకు ఇంత తెమడ తెచ్చి నాలుక మీద పెట్టిపోయేది. మింగలేను, పదిమందిలో ఉమ్మలేను. మంచం కింద బూడిద పోసిన డబ్బా ఒకటి పెట్టుకున్నాను. దానివైపు చూడకుండా ఉమ్మడం నేర్చుకోవడానికి కొంతకాలం పట్టింది. ఆ నేర్చుకునే కాలం గురించి రాయను.

వైద్యాలు మొదలయ్యాయి. అల్లం, మిరియాలు మరిగించి తాగితే గొంతుకు హాయిగానే ఉండింది. అక్కడితో ఆగితే బాగుండేది. హిందూపురంలో ఉన్న మా అక్క రోజూ ఫోనులో ఒక వీడియో పంపేది. ఎర్రగడ్డ, అదే ఉల్లిగడ్డ, రసంలో తేనె కలిపి తాగాను, మంచి తేనె పాడైపోయింది. అడ్డసరం ఆకు నూరుకుని తాగాను. ఆ చేదుకు మరుసటి పూట తిన్న బెల్లం కూడా వేపాకులా తగిలింది. పాలలో తెల్లగడ్డలు ఉడికించుకుని తాగమంది. మీగడ చాటున మెత్తబడిన రెబ్బ ఒకటి జారి నాలుక మీద పడింది. పాలుకారు రోగమొచ్చిన పురుగు అచ్చం అలాగే ఉంటుంది, అంతే తెల్లగా, అంతే మెత్తగా. నమిలాను కూడా.

ఆ కంపుతో షెడ్డు దగ్గరకు పోతే నా భార్య తలుపుకు అడ్డం నిలబడింది.

"యాడికి?"

"నా పురుగుల్ని చూసుకోవాల."

"నీ పురుగులా? ఆ కంపేసుకొని లోపలికొస్తే మేత ముట్టవు. ఆడే ఉండు."

షెడ్డులోకి రానివ్వని ఆ రోజుల్లో దగ్గు తగ్గింది. ఎర్రగడ్డ వల్లనే అని మా అక్క, తెల్లగడ్డ వల్ల అని నేను వాదించుకున్నాం. ఇంతలో నాలుగో జ్వరం వచ్చింది. పని ఒక్క మనిషి వల్ల కాదు. ఒళ్లు రుద్దుకుని స్నానం చేశాక నా భార్య లోపలికి రానిచ్చింది. ఆమె అటు, నేను ఇటు సున్నం దులుపుతున్నాం. ఊరికే దులపడం నాకు చేతకాదు కాబట్టి మడకశిర సంతలో తెలుగువాడితో తెలుగులో, కన్నడంవాడితో కన్నడంలో తన ధర తనే బేరమాడుకున్న మేక సంగతి మొదలుపెట్టాను. మేక ఇంకా ధర చెప్పనేలేదు, దగ్గు ఎగదన్నింది. ఈసారి వచ్చిన తెమడ సున్నం కలిపిన పిండిలా తెల్లగా ఉంది.

ఆ సంగతి తెలిసి ధర్మవరం నుంచి మా అత్త వచ్చింది. మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. వేలితో తాకి ఏ చీరలో పట్టు ఎలాంటిదో చెప్పగలదు గానీ పురుగు ముఖం చూసింది లేదు. సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. అందులో గాడిద పాలు. మిట్టమధ్యాహ్నం బస్సులో వచ్చాయేమో, గోరువెచ్చగా ఉన్నాయి.

"తాగు నాయనా. ముక్కు మూసుకొని తాగు."

తాగాను. వాసన ముక్కు మూసుకున్నా ఎలాగో లోపలికొచ్చింది. అవి కడుపులో ఇంకా కుదురుకోకముందే పెరట్లో బొగ్గులు రాజేసి, వాము, పసుపుకొమ్ము, వేపాకు వేసి, నా తల మీద దుప్పటి కప్పింది.

"బాగా పీల్చు అల్లుడా, లోపలుండేదంతా రావాల!"

వచ్చింది. ముక్కులోంచి, నోట్లోంచి కారి బొగ్గుల మీద పడి చుయ్‌మంటుంటే, నా తెమడ కాలిన వాసన నేనే పీల్చాను. దుప్పట్లోంచి తప్పించుకున్న పొగ గాలివాటున షెడ్డు వల కిటికీలోంచి లోపలికి పోవడం మేమెవరమూ చూడలేదు. నా భార్య మల్బరీ కట్ట తలమీద పెట్టుకుని వచ్చి చూసింది. కట్ట అక్కడే పడేసింది.

"ఏందిమా ఈ పొగ?"

"నీ మొగునికి దగ్గు గదే..."

"ఈయప్పకు దగ్గయితే నా పురుగుల్ని సంపుతావా?"

లోపల పురుగులన్నీ తలలెత్తి ఊగుతున్నాయి. కొన్నింటి నోళ్లలోంచి ఆకుపచ్చ రసం కారుతోంది. రెండు వైపులా తలుపులు తెరిచాం, పొగ పట్టిన ఆకంతా తీసేశాం, విసనకర్రలతో గాలి తోలాం. అత్త గడప మీద కొంగు నోట్లో కుక్కుకుని, "నాకు తెల్దే తల్లీ" అంటూ కూర్చుంది. పొగ వదిలాక కొత్త ఆకు వేశాం. సాయంత్రానికి అన్నీ మేత ముట్టాయి.

అప్పుడు నా భార్య తుండుగుడ్డ మూతికి బిగించి, పక్క ఆరాలని మళ్లీ సున్నం మూట అందుకుంది. అత్తకు ధైర్యం చెబుదామని నేను వాకిట్లో నోరు తెరిచాను. నా భార్య ఆగి నావైపే చూసింది.

"సున్నం ఇద్దరమూ దులుపుతాం. నాకు రాని దగ్గు నీకేల వచ్చె?"

"నా ఒళ్లు సున్నితం."

"సున్నితమా! నేను మూతికి గుడ్డ కట్టుకుంటా. నువ్వు నోరు తెరిచి మేకల్ని మేపుతాండావు. దుమ్మంతా యాడికి పోతాది? బయటుంటే తగ్గుతాండాది, లోపలికొస్తే లేస్తాండాది. ఇన్ని కతలు చెప్పేవానికి ఈ మాత్రం తెలీల్యా?"

అత్త కొంగు చాటున నవ్వింది. ఆ రోజంతటిలో ఆమె నవ్వింది అప్పుడే.

మండలం ఆస్పత్రి డాక్టరమ్మ ఇంతకాలం దగ్గితే ముందు కఫం పరీక్ష చేయాలని చిన్న డబ్బా ఇచ్చింది. వరండాలో అందరూ చూస్తుండగా దాన్ని నింపడం గాడిద పాలకంటే ఘోరం. క్షయ లేదని తేలింది. దుమ్ముకు దూరంగా ఉండు, మూతికి గుడ్డ కట్టు, ఉప్పునీళ్లు పుక్కిలించు, వేడినీళ్లలో తేనె తాగు, పొగ మాత్రం ఎవరు పట్టమన్నా పట్టకు అంది. రొమ్ములో నొప్పి వచ్చినా, రక్తం పడినా, ఆయాసం వచ్చినా వెంటనే రమ్మంది. గుడ్డ కట్టుకున్నాను. దగ్గు మెల్లగా పోయింది.

"ఎంత నిమ్మళంగా ఉండాదో షెడ్డు" అంది నా భార్య.

పురుగులు పండి, చంద్రికలనే వెదురు తట్టల మీద గూళ్లు కట్టాయి. గూళ్లు హిందూపురం మార్కెట్టుకు చేరాయి. గార్మెంట్స్ బస్సు ఆమె లేకుండానే పోతోంది.

ఇక ఒట్టు సంగతి. మేక కూడా నిజమే, అడిగితే సాక్షులున్నారు. నేను కల్పించింది ఒక్కటే, సాయంత్రానికి పురుగులన్నీ మేత ముట్టాయన్నది. కిటికీ పక్కనున్నవి ముట్టలేదు. మర్నాటికి నల్లబడ్డాయి, పట్టుకుంటే వేళ్ల మధ్య చిట్లి, రసం మోచేతుల దాకా కారింది. ఆ కంపు సబ్బుకు పోలేదు. తోట చివర గుంట తీసి, బ్లీచింగ్ చల్లి పూడ్చాం. నా భార్య గుంట పక్కనే వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, మళ్లీ వంగి ఎత్తింది. పంటలో మిగిలింది మిగిలింది.

ఇంటికొస్తే అత్త అడిగింది. "అన్నీ తింటాండాయా?"

"తింటాండాయి మా" అంది నా భార్య, చేతులు వెనక్కి పెట్టుకుని.

అత్తకు ఇది చదివి వినిపించేవాళ్లు గార్మెంట్స్ బస్సు పోయిన దగ్గరే ఆపేయండి.