వార్దేను చంపిన పద్యం

వార్దే మా మేడలో మూడో అంతస్తున ఉండేది. సముద్రం దాటి వలస వచ్చిన మా అరబ్బులుండే వాషింగ్టన్ వీధిలో, కిమోనోలనే వదులు గౌన్ల కార్ఖానాలో ఆమెంత చురుగ్గా కుట్టేవాళ్లు లేరు. మా మేడ కింది అంతస్తులోనే మా అరబ్బీ పత్రిక అచ్చుకూటం. అందరూ మిత్రీ అని పిలిచే నేను అక్కడ అక్షరాలు పేర్చేవాణ్ణి. కవిననీ అనుకునేవాణ్ణి.

ఆ చలికాలం నేను జ్వరంతో పడితే, వార్దే వారం రోజులు పప్పుచారు కాచి తెచ్చింది. ఒకనాడు మంచం పక్కన కూర్చుని తన సంగతి చెప్పింది. మా దేశంలో జహ్లే అనే కొండ ఊళ్లో పదహారేళ్లకే ఆమెను యాభై దాటిన ద్రాక్షతోటల ఆసామికి కట్టబెట్టారట. రెండేళ్లు ఓర్చి, ఒంటరిగా కొండలు దాటి బేరూతు రేవుకు నడిచి, ఓడ ఎక్కేసిందట. ఇక్కడ అందరికీ విధవనని చెప్పుకుంది.

"ఎవరితోనూ అనకు, మిత్రీ తమ్ముడూ."

"నా నోట రాదక్కా."

నోట రాలేదు. కలంలో వచ్చింది.

జహ్లే, ముసలి ఆసామి, ఆమె ఎడమ కనుబొమ్మ మీది మచ్చ, అన్నీ పద్యంలో పెట్టాను. పారిపోవడం మాత్రం పెట్టలేదు. నా పద్యంలో ఆమె పువ్వులా వాడిపోయి, సెలయేటి ఒడ్డున ప్రాణం విడుస్తుంది. చర్చి హాల్లో చదివితే ఆడవాళ్లు రుమాళ్లతో కళ్లు తుడుచుకున్నారు. పత్రికలోనూ వేశారు.

జహ్లే నుంచి వచ్చిన ఒకావిడ ఆ మచ్చను పట్టేసింది. "మొగుడు బతికే ఉన్నాడు, ఇది లేచొచ్చింది" అని వీధంతా చెప్పింది.

వార్దేకు చదువు రాదు. ఎవరిచేతనో చదివించుకుని, పత్రిక పట్టుకుని అచ్చుకూటానికి వచ్చింది.

"నన్ను చంపేశావటగా. ఎక్కడ పూడ్చావ్?"

"అక్కా, అది ఉత్త పద్యం..."

"పద్యమైతే నా మచ్చెందుకు? చెప్పులు తెగిపోతే వట్టికాళ్లతో నడిచానని చెప్పాగా. ఆ ముక్కేదీ?"

"అది... ఇమడలేదు."



"అవున్లే. మడమలు పగిలిన ఆడది మీకెందుకు పనికొస్తుంది? చస్తేనే అందం."

వీధిలో మాట విని కార్ఖానా యజమాని తల్లి ఆమెను పనిలోంచి తీయించింది. నేను వెళ్లి ఆమె తరఫున ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఊరు విడిచిపోతూ ఆమె పెట్టె మోసుకుని మెట్లు దిగుతుంటే, అక్షరాల అరలోకి తల వంచుకుని వెతుకుతున్నట్టు నటించాను.

తరువాత, నడిచి వెళ్లిన వార్దే గురించి ఇంకో పద్యం రాశాను. సంపాదకుడు చూసి నవ్వాడు. "మొగుణ్ణి వదిలినదాన్ని పొగుడుతావటయ్యా? చచ్చినదే బావుంది." దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఈస్టర్‌కు జనం పాత పద్యమే అడిగితే, లేచి చదివాను కూడా. చప్పట్లు కొట్టారు.

ఆమె దూరాన టొలీడో పట్నంలో ఉందని తెలిశాక ఉత్తరం రాయబోయాను. దాన్నీ మరొకరే చదివి వినిపించాలి కదా అని ఆగిపోయాను. ఏడేళ్లకు రైలెక్కి వెళ్లాను. చిన్న దర్జీ కొట్టు, రెండు మిషన్లు. చూడగానే గుర్తుపట్టింది.

"తప్పు చేశానక్కా" అన్నాను.

మిషను ఆపలేదు. అంచు పూర్తయ్యాక దారం కొరికింది.

"పోనీలే అనమంటావు. నా వల్ల కాదు. ఎండన పడి వచ్చావు, కాఫీ తాగి వెళ్లు."

తాగాను. తల ఎత్తలేక కప్పులోకే చూస్తూ తాగి, సాయంత్రం బండికి తిరిగొచ్చాను.