సుక్రి కాఫీ తోటను నేను చూసిన తీరు

కరోనా సద్దుమణిగిన మరుసటేడు ఎండాకాలం. అరకు పైకొండల్లో ఇప్పపువ్వు ఏరుకోవడానికి ఎవరో చెట్టు కింద ఆకు తగలబెట్టారు. గాలికి ఆ నిప్పు మూడు కాఫీ తోటల మీద పడింది. నేను చదివింది మూడో తరగతి. కాఫీ నర్సరీలో ముప్పయ్యేళ్లు నారు పోశాను, తోటల్లో కొమ్మలు కత్తిరించాను. అందుకని కాలినవాటిలో ఏ మొక్క బతుకుతుందో చెప్పమని తోటలవాళ్లు నన్నే పిలిచారు.

సుక్రిది రెండెకరాలు. మగడు పోయాడు. ఆమెకీ ఇద్దరు ఆడపిల్లలకీ తిండీ బట్టా ఆ తోటే. నేను వెళ్లేసరికి గునపంతో కాలిన మొక్కల్ని పెళ్లగిస్తోంది.

"ఏటి సేత్తన్నావే? ఆపు!" అన్నాను.

"కాఫీ ఆపీసోళ్లు కొత్త మొక్కలు ఉత్తినే ఇత్తారట పెద్దమ్మా. జాబితాలో పేరు రాయించినాను. వానలకి ముందే గుంతలు తవ్వాల."

"కొత్త మొక్క కాపుకొచ్చేసరికి నాలుగేళ్లు. అందాకా గాలి తింటావేటి?"

మోకాలెత్తున కాండాన్ని గోరుతో గీకాను. బెరడు కింద పచ్చగా ఉంది. దీనికి స్టంపింగ్ చాలనుకున్నాను. అంటే నేలకి అడుగెత్తున ఏటవాలుగా కోసి, కోతకి మందు పూయడం. వానలకి చిగురిస్తుంది, రెండు మూడేళ్లకి కాస్తుంది. బతికున్నదాన్ని పీకి పారేయడం నాకు సహించదు.

సుక్రికి నమ్మకం కుదరలేదు. "ఇక్కడ రాలిన ఆకు జానెడు మందాన ఉండీది. మంట ఆరినాక కూడా రెండ్రోజులు మట్టి మీద కాలెట్టనేకపోనాను. కింద ఉడికిపోనేదంటావా?"

"నువ్వు పుట్టకముందే కత్తి పట్టినాను. నాకే సెప్తావేటి? బేగెళ్లి జాబితాలో పేరు కొట్టేయించుకో. ఆ మొక్కలు నిజంగా అక్కరున్నోళ్లకి పోతాయి."

పేరు కొట్టేయించుకుంది. నలుగురు ఆడవాళ్లం తోటంతా కోశాం.

వానలు పడ్డాయి, మోడులన్నీ చిగురించాయి. చూశావా అన్నాను. సుక్రి నవ్వింది. చిగుళ్లు జానెడు పెరిగాక ఒక్క వారంలో వాడిపోయాయి. ఒక మోడుని కాలితో నెడితే ఒరిగిపోయింది. మట్టి తీసి చూశాను. కాలర్ దగ్గర, అంటే కాండం వేరులో కలిసే చోట, చుట్టూ నల్లగా కమిలిపోయి ఉంది. ఆకు కింద రగిలిన నిప్పు అక్కడి బెరడుని ఉడికించేసింది. పైన మిగిలిన సత్తువతోనే ఆ చిగుళ్లు వచ్చాయి. ఇంకోటి తవ్వాం, మరోటి తవ్వాం. దాదాపు తోటంతా అంతే.

అప్పటికి జాబితాలో ఉన్నవాళ్లకి మొక్కలు పంచేశారు.

"తిట్టవే," అన్నాను.

"తిడితే మొక్కలొత్తాయా పెద్దమ్మా? నాను కూలికి పోతన్నాను, నా మేకలకి నీళ్లెడుతుండు."

పిల్లల్ని చెల్లెలి దగ్గర వదిలి, నాట్లు వేసే కూలికి పార్వతీపురం వైపు దిగిపోయింది. మరుసటి వానలకి గానీ తోటలో కొత్త మొక్క పడలేదు. అది ఇంకా కాపుకి రాలేదు. సుక్రి ఇంకా కూలికి పోతూనే ఉంది.

తోట కాలినవాళ్లకి నేను చెప్పేదిది. పైన గీకి చూసి నమ్మకండి. మొక్క మొదట్లో నాలుగు వేళ్ల లోతు మట్టి తీసి, కాలర్ దగ్గర బెరడు చెక్కండి. తడిగా, పచ్చగా ఉంటే కోయండి. గోధుమరంగుకి తిరిగితే పీకేయండి. చిగురు చూసి మురిసిపోకండి. నాలాంటి ముసల్ది వచ్చి ఎంత గట్టిగా చెప్పినా, మీ తోటలో నిప్పు ఎన్నాళ్లుందో మీకే తెలుసు. ముందు ఆ మాట వినిపించండి. వినకపోతే పంపించేయండి.